గోడ కూలిన కారణం

కమిటీ నివేదిక వచ్చిందన్న సంగతి ఆమెకు కాలేజీ స్టాఫ్‌రూంలో తెలిసింది. చరిత్ర చెప్పే పెద్దాయన ఫోన్‌లో వార్తలు చూస్తూ, ఎదురుగా ఎవరు కూర్చున్నారో మరిచిపోయి పైకే చదివేశాడు.

"బస్ డిపో గోడ కూలడానికి కారణం అనూహ్యమైన వర్షపాతం. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు..."

చదివాక తలెత్తి ఆమెను చూసి నాలిక కరుచుకున్నాడు. ఫోన్‌ను బల్లమీద బోర్లించాడు, తప్పంతా ఫోన్‌దే అయినట్టు.

ఆమె ఆ కాలేజీలో తత్వశాస్త్రం చెబుతుంది. ఏ జవాబిచ్చినా మళ్లీ "ఎందుకు?" అంటుందని పిల్లలు చాటుగా 'ఎందుకమ్మ' అని పేరు పెట్టుకున్నారు. ఆ గోడ కింద పడి చనిపోయిన నలుగురు మెకానిక్కుల్లో ఒకడు ఆమె భర్త. ఆ నివేదికలో మట్టి గురించిన భాగం రాసినవాడు ఆమె మరిది. భర్తకు ఒక్కడే తమ్ముడు.

మధ్యాహ్నం క్లాసు ఉంది. చెప్పలేనని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి చెప్పి, జవాబు కోసం ఆగకుండా బయటికొచ్చి బస్సెక్కింది.

మట్టి పరీక్షలు చేసే ల్యాబు ఊరి చివర, పాత గోదాముల వెనక ఉంది. లోపల పొడవాటి బల్లల మీద రేకు ట్రేలలో మట్టి ఆరబెట్టి ఉంది. ఒకదానిమీద ఒకటి పేర్చిన జల్లెళ్లను ఓ యంత్రం గడగడా ఊపుతోంది. మూలనున్న ఓవెన్‌లోంచి కాలిన మట్టి వాసన. మరిది ఆమెను చూడగానే యంత్రం ఆపాడు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"అనూహ్యమైన వర్షమట!" అందామె గుమ్మంలోంచే. "వాతావరణం వాళ్లు మూడు రోజుల ముందే చెప్పలేదూ? టీవీలో చెప్పలేదూ? మనింట్లో కూర్చుని మనమే వినలేదూ?"

"ఆ మాట నేను రాయలేదు వదినా. అది పై పేజీ. వాళ్లు రాసుకున్నారు."

"మరి నువ్వేం రాశావు?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. క్లాసులో పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "డిపో వెనక దిబ్బ ఉంది. ఆ మట్టి జారకుండా గోడ కట్టారు. వాన నీళ్లు తాగి మట్టి బరువెక్కింది. నీళ్లు బయటికి పోవడానికి గోడలో పెట్టిన తూములు మూసుకుపోయాయి. వెనక నీటి ఒత్తిడి గోడ ఆపగలిగినదాన్ని మించిపోయింది. గోడ కూలింది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"మూసుకుపోయాయా?"

అతను తువ్వాలు మడతపెట్టాడు.

"గాలికి తలుపు మూసుకుపోతుంది. నిద్రొస్తే కన్ను మూసుకుపోతుంది. గోడకి తూములు వాటంతటవే మూసుకుపోయాయా? పెద్దలెవరో చూడ్డానికొస్తున్నారని మొన్న వేసవిలో గోడంతా నున్నగా సిమెంటు పూయించి నీలం రంగు వేయించలేదూ? ఆ సాయంత్రం మీ అన్నయ్య ఇంటికొచ్చి, 'ఇవాళ మా గోడకి ముక్కూ నోరూ మూసేశార్రా' అని నీతోనే అనలేదూ?"

"అన్నాడు."

"మరి?"

"అది నా పరీక్షలో తేలే విషయం కాదు వదినా. పోయినవాడు మా అన్న, నేను కమిటీలో ఉండకూడదు అని మొదట్లోనే చెప్పాను. ఇంకో మట్టి నిపుణుడు దొరకలేదు, నువ్వు మట్టి గురించి మాత్రమే రాయి అన్నారు. మట్టి గురించే రాశాను. సిమెంటు ఎవరు పూయమన్నారో మట్టి చెప్పదు."

"మట్టికి నోరు లేదు. నీకుందిగా! నీళ్లు నములుతున్నావేం?" ఆమె బల్ల దగ్గరికొచ్చింది. "సరే, ఒక్కటి చెప్పు. అదే వాన. అదే మట్టి. అదే గోడ. తూములు తెరిచి ఉంటే నిలిచేదా, కూలేదా?"

"జరగనిదాని గురించి సైన్సు మాట్లాడదు."

"భేష్! జరిగింది ఎలా జరిగిందో చెప్తావు. ఎవరివల్ల జరిగిందంటే నా పని కాదంటావు. నిలిచేదా అంటే సైన్సు మాట్లాడదంటావు. ఎవడికీ నొప్పి కలగకుండా ఎంత బాగా వివరిస్తావయ్యా లోకాన్ని!"

అప్పటిదాకా తలొంచుకుని ఉన్న అతను తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు మాత్రం? పోయినేడు పేపర్లో పెద్ద వ్యాసం రాశారు కదా, కారణం అనేది లోకంలో లేదు, అది మనం లోకానికి తొడిగిన చొక్కా అని! సైన్సువాళ్లు ఆ చొక్కానే ఒళ్లనుకుంటారని! అన్నయ్య అది డిపో అంతా తిప్పి చూపించాడు. నాకు ఒళ్లు మండింది. ఇవాళ మీకే కారణం కావాల్సొచ్చింది. కాబట్టి చొక్కా పట్టుకోవడానికి నా మీదికొచ్చారు."

ఆ దెబ్బ సూటిగా తగిలింది. ఆమె చేతికందిన ట్రే అంచును పట్టుకుంది.

"అది ముట్టుకోవద్దు," అన్నాడతను వేరే గొంతుతో. "మీరంతా ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను గోడ కూలిన ఆ గోతిలో మట్టి తీస్తున్నాను వదినా. పది చోట్ల తీయాలి, అది పద్ధతి. అన్నయ్య పడున్న చోటుది కూడా ఇక్కడే ఉంది. ఏ ట్రేనో అడగొద్దు."

ఆమె చెయ్యి తీసేసింది. వెళ్లొస్తానని కూడా అనకుండా వచ్చేసింది. బస్సులో దారి పొడుగునా ఆమె అతని మాటలనే తిప్పి తిప్పి తిట్టుకుంది. దుఃఖం కాదది. దుఃఖమైతే బాగుండునని కూడా అనిపించింది.

వాళ్లిద్దరి మధ్య వాదన ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. అతను చదువుకునే రోజుల నుంచీ ఆదివారం భోజనాల దగ్గర అదే తంతు. "మీ తత్వం గాలిలో మేడలు కడుతుంది వదినా" అని అతను మొదలుపెట్టేవాడు. "మీ సైన్సు ఆ మేడకి మెట్లెన్నో లెక్కపెడుతుంది, లోపల ఎవరున్నారని అడగదు" అని ఆమె అందుకునేది. వాళ్లిద్దరి మధ్యా గోళ్లలో గ్రీజు నల్లగా ఉండిపోయిన చేతులతో అన్నం కలుపుకుంటూ భర్త కూర్చునేవాడు. "మీరిద్దరూ కలిసి లోకాన్ని వివరించేలోపు నాకు రెండోసారి ఆకలేస్తోంది, ఆ గిన్నె ఇటు జరపండి" అనేవాడు. అప్పుడు అందరూ నవ్వేవాళ్లు. ఆ వాదన ఎవరి ప్రాణం మీదికీ రాదని అందరికీ తెలుసు కాబట్టి.

నివేదిక మీద అభ్యంతరాలు వినడానికి కమిటీ ఒక రోజు పెట్టింది. మునిసిపల్ కార్యాలయం పై అంతస్తులో పెద్ద హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయిగానీ గాలి కిందికి రావడం లేదు. వేదిక మీద కమిటీ అధ్యక్షుడు, రిటైరైన జడ్జి. ఒక పక్కన డిపో తరఫు వకీలు, మేనేజరు. ఇంకో పక్కన ఫైళ్లు ముందు పెట్టుకుని మరిది. ల్యాబు నుంచి వచ్చేసిన రోజు తరువాత వదినా మరుదులు మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరు వంటగదిలోకి వస్తే ఇంకొకరు బయటికి పోతున్నారు.

మేనేజరు ముందుగా లేచి సంతాపం చెప్పాడు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు పెద్దలు," అంటూ నిట్టూర్చాడు. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు కొందరు తలూపారు. ఆమెకు ఆ తలూపడం చూసి మేనేజరు మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది. వెంటనే లేచి నిలబడింది.

"పెద్దలు ఆ మాట అన్న రోజున వాన రాకడ నిజంగానే ఎవరికీ తెలీదండీ. ఇప్పుడు తెలుసు. ముందే చెప్పారు. ఇక ప్రాణం పోకడ అంటారా, తూములకి సిమెంటు పూసిన రోజే అదీ తెలియాల్సింది. తెలుసుకోవాల్సినవాళ్లు తెలుసుకోకుండా ఉండి, ఇప్పుడు సామెత వెనక దాక్కుంటున్నారు."

వకీలు నవ్వుమొహంతో లేచాడు. చేతిలో పేపరు కత్తిరింపు. అదేమిటో ఆమెకు దూరం నుంచే తెలిసిపోయింది.

"మేడంగారు చాలా చదువుకున్నవారు. వారి వ్యాసం నేను శ్రద్ధగా చదివాను. దేనికి ఏది కారణమో మనిషి ఎన్నటికీ నిశ్చయంగా చెప్పలేడని వారే రాశారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మరి వారే ఇప్పుడు, ఫలానా సిమెంటే కారణమని నిశ్చయంగా ఎలా అంటున్నారు?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మొహం వేడెక్కిపోయింది. వంకర మాటే. కానీ వంకర తిప్పడానికి కావలసిన తీగ తనదే.

"నేనే రాశాను," అంది. "ఇప్పుడూ అదే అంటాను. నూటికి నూరుపాళ్లు మనకేదీ తెలీదు. ఇందాక మీరు రోడ్డు దాటుతుంటే ఎదురుగా లారీ వచ్చింది. అది గుద్దితే పోతానని నూటికి నూరుపాళ్లు తెలీదు కదా అని ఎదురెళ్లారా? పక్కకి జరిగారు. మీ ప్రాణం దగ్గరికొస్తే తెలిసినంత చాలు. మెకానిక్కు ప్రాణం దగ్గరికొస్తే మాత్రం నూరుపాళ్లూ కావాలి. అనుమానం వెతకడానికయ్యా! దాక్కోవడానిక్కాదు!"

లారీ మాటకు మళ్లీ కొందరు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు కారం రాసినట్టుంది.

"అమ్మా, ఇది తరగతి గది కాదు," అన్నాడు అధ్యక్షుడు.

"తరగతి గదిలో ఎవరూ చావరండి."

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె మరిది వైపు తిరిగింది. "మట్టి విభాగం వారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. అదే వాన, అదే మట్టి, అదే గోడ. తూములు తెరిచి ఉంటే ఆ గోడ నిలిచేదా? మీరు చెప్పండి."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె అతన్ని 'నువ్వు' అని తప్ప పిలవలేదు. ఆ 'మీరు' వినగానే అతని మొహం ముడుచుకుపోయింది. లేచి నిలబడ్డాడు. ఫైలు తెరవలేదు.

"నిలిచేది," అన్నాడు.

వకీలు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "గాజు పలకలతో తొట్టి చేయించి, ఆ చోటి మట్టే పోసి, చిన్న గోడలు కట్టి చూశాను. ఒకదానికి తూములు వదిలాను. ఇంకోదానికి మూశాను. రెంటి వెనకా ఒకే లెక్కన నీళ్లు పోశాను. చాలాసార్లు చేశాను. మూసినప్పుడల్లా కూలింది. తెరిచినప్పుడల్లా నిలిచింది."

"గాజు తొట్టి వేరు, డిపో వేరు," అన్నాడు వకీలు తాపీగా. "పైగా జరగనిదాని గురించి మీరు..."

"జరగనిదాని గురించి సైన్సు మాట్లాడదు, అంతేగా?" అతని గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "నేనూ అదే అన్నాను మా వదినతో. తప్పు మాట. భయపడి అన్నాను. మేం కట్టించే ప్రతి గోడా, ప్రతి వంతెనా జరగకూడనిదాన్ని ముందు ఊహించుకుని కట్టేదే. అదే మా పని. ఇంకా వినండి. డిపోకి పడమట రెండో గోడ ఉంది. అదే దిబ్బ, అదే మట్టి, అదే సిమెంటు పూత. దాని కింద ఇప్పుడు, ఈ నిమిషంలో మనుషులు పనిచేస్తున్నారు. మళ్లీ వానలొస్తున్నాయి."

హాలు సద్దుమణిగింది. అధ్యక్షుడు పక్కవాళ్లతో గుసగుసలాడి, మైకు దగ్గరికి జరిగాడు.

"మొదటి విషయం నమోదు చేసుకుంటాం. రెండో గోడ ఈ కమిటీ పరిధిలోకి రాదు."

మార్చిన నివేదిక కొన్నాళ్లకు వచ్చింది. మార్పు ఒక్కటే. 'తూములు మూసుకుపోయాయి' అన్నచోట 'తూములు మూసివేయబడ్డాయి' అని ఉంది.

"చూశావా!" సాయంత్రం ఇంటి ముందుగదిలో నిలబడి ఆమె కాగితాన్ని గాలిలో ఊపింది. ల్యాబులోనూ కమిటీ హాల్లోనూ అయిన గొడవల తరువాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అదే. "ఎవరో మూశారని ఒప్పుకున్నారు. ఎవరో చెప్పకుండా ఒప్పుకున్నారు! కర్త లేకుండా కర్మ నడుస్తోంది ఈ దేశంలో!"

"ఆ మాత్రమైనా మారింది కదా వదినా."

"ఆ మాత్రం మారిందని సంబరపడనా? మీ అన్నయ్య ప్రాణానికి ఒక్క మాట మార్పా విలువ?"

"నేనేం సంబరపడమన్లేదు! తొట్టి పెట్టి నేను..."

"ఇక ఆపండి!"

కిటికీ పక్కన కుట్టుమిషను మీద అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడ ముప్పై ఏళ్లు బట్టల దుకాణంలో కుట్టుపని చేసి ఇద్దరు కొడుకులనూ పెంచింది. పెద్దకొడుకు పోయాక కూడా కుట్టు మానలేదు. ఆ చప్పుడు ఇంట్లో ఎప్పుడూ ఉండేది కాబట్టి, ఆగేదాకా వాళ్లకది వినపడలేదు.

"నెలల తరబడి చూస్తున్నాను. నా పెద్దోడు ఎలా పోయాడో వీడు చెప్తాడు. ఎందుకు పోయాడో నువ్వు చెప్తావు. బాగుంది. ఇద్దరికీ చెప్పుకోడానికి ఏదో ఒకటుంది. పొద్దున్నే లేచి రెండు గ్లాసులు తీయబోయి ఒకటి లోపల పెట్టేస్తున్నాను, దానికి మీ రెండు శాస్త్రాల్లో ఏముందే అమ్మాయ్?"

కోడలు చేతిలోని కాగితాన్ని మడిచింది. చిన్నకొడుకు వంటగదిలోకి వెళ్లిపోయాడు.

"ఏమీ లేదు అత్తయ్యా," అందామె.

"లేకపోతే లేదని ముందే ఏడవొచ్చుగా," అని అత్తగారు మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. దారం తెగింది. ఎక్కించబోతే కళ్లనీళ్లకు సూది బెజ్జం కనపడలేదు. కోడలు వెళ్లి ఎక్కించి పెట్టింది. ఆవిడ వద్దనలేదు, బాగుందనీ అనలేదు.

కాసేపటికి ఆమె వంటగదిలో ఉన్న మరిది దగ్గరికి వెళ్లింది.

"రెండో గోడ వెనక ఇప్పుడు నీళ్లెంత ఉంటాయి?"

"నిన్నటి జల్లుకే నిండటం మొదలైంది. గోడ మధ్యలో చిన్న పొట్ట కనిపిస్తోంది. మేనేజరుకి రెండుసార్లు చెప్పాను. వానాకాలం పోయాక చూద్దామన్నాడు."

"తూములు తెరవడానికి ఏం కావాలి?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. "డ్రిల్లు కావాలి. పొడుగు బిట్టు కావాలి. మీరు రాకండి వదినా, నేను..."

"నువ్వు ఎక్కడ తెరవాలో చెప్పు. ఎవడైనా ఎందుకని అడిగితే నేను చెప్తాను."

మరునాడు పట్టపగలే వెళ్లారు. దొంగతనం కాదు కాబట్టి దొంగల్లా వెళ్లక్కర్లేదంది ఆమె. డిపోలో భర్తతో పనిచేసినవాళ్లు డ్రిల్లు యంత్రానికి కరెంటు తీగ లాగిచ్చారు. మరిది గోడను పిడికిలితో తట్టుకుంటూ నడిచాడు. బోలుగా మోగినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టాడు. మెకానిక్కులను గోడ పక్క షెడ్డులోంచి దూరంగా పంపించి, కింది వరసతో మొదలుపెట్టాడు. సిమెంటు పెచ్చు ఊడిపడి, వెనక పాత గొట్టం నోరు కనపడింది. ముందు బురద వచ్చింది. తరువాత ఎర్రనీళ్లు బుసకొడుతూ అతని చొక్కా మీదికి చిమ్మాయి. రెండోది, మూడోది. నీలం గోడ పొడవునా నీళ్లు కారడం మొదలైంది.

ఆమె ఆ నీళ్లను చూస్తూ నిలబడింది. సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఇంత సులువా? ఇంత పనికి ఒక్క పూట సరిపోయేదా? నేలమీదున్న సిమెంటు పెచ్చు తీసుకుని గోడకేసి విసిరికొట్టింది. ఇంకోటి తీసి కొట్టింది. మరిది డ్రిల్లు ఆపి చూశాడుగానీ వద్దనలేదు.

మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ప్రభుత్వ గోడకి కన్నాలు వేస్తారా! ఎవరిచ్చారు మీకు అనుమతి?"

"మూయడానికి ఎవరిచ్చారో చెప్పండి. వాళ్లనే అడుగుదాం," అందామె.

పోలీస్ స్టేషనులో ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎస్సై నడివయసు మనిషి. బురద చొక్కానూ చీరకంటిన సిమెంటునూ చూసి నుదురు రుద్దుకున్నాడు.

"గోడకి కన్నం వేశారని నా సర్వీసులో చాలా కేసులు రాశాను. వేసినవాళ్లలో ప్రొఫెసరమ్మా సైంటిస్టూ ఉండటం ఇదే మొదలు. ఎందుకు చేశారమ్మా?"

"వెనక నీటి ఒత్తిడి పెరిగి..." అని మరిది మొదలుపెట్టాడు.

"కింద మనుషులున్నారు," అందామె అదే నిమిషంలో.

ఎస్సై కలం ఎత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒక్క మాట మీద ఉండండి. ఏది రాసుకోమంటారు?"

"రెండూ," అన్నాడు మరిది. "ఒకటి రాస్తే సగమే అవుతుంది."

ఆమె అతని వైపు చూసింది. అతను గోళ్లలోని సిమెంటు గీక్కుంటున్నాడు. ఆ మాట తన నోటి నుంచి రావాల్సిందనీ, అతనికే ముందు తోచిందనీ ఆమెకు చిన్న ఉక్రోషం కూడా కలిగింది.

కేసు పెట్టారు. అతన్ని ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. ఆమెకు కాలేజీ నుంచి సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. పూత పూయించినవాళ్ల మీద ఎవరూ కేసు పెట్టలేదు. చనిపోయిన మిగతా ముగ్గురి ఇళ్లవాళ్లతో కలిసి ఆమే కోర్టుకు వెళ్లింది. కాగితంలో తొలి వాక్యం ఆమె రాసింది. పేర్లూ పదవులూ పెట్టి, ఎవరు ఎవరికి ఏం చెప్పి ఏం చేయించారో రాసింది. తరువాతి పేజీలు మరిది రాశాడు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేస్తూ, వంటగది బల్ల దగ్గర చాలా సాయంత్రాలు పోట్లాడుకున్నారు. ఆ కేసు ఇంకా తేలలేదు.

వానలు పోయినేటికంటే గట్టిగా పడ్డాయి. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తిరిగొస్తూ ఆమె డిపో దగ్గర బస్సు దిగింది. మరిది అప్పటికే గేటు దగ్గర గొడుగు కింద నిలబడి ఉన్నాడు. తూములన్నిట్లోంచీ నీళ్లు దూకుతున్నాయి. షెడ్డులో ఎవరో ఇద్దరు బస్సు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నారు. గోడ వైపు ఎవరూ చూడటం లేదు. పడని గోడను ఎవరు చూస్తారు?

"నిలిచింది వదినా," అన్నాడతను.

"చూస్తూనే ఉన్నాను."

గొడుగు ఒక్కటే కావడంతో ఇద్దరికీ చెరో భుజం తడుస్తోంది.

"నాకింకా కోపం తగ్గలేదు," అందామె.

"నాకూ తగ్గలేదు."

"మంచిది. తగ్గనీకు."

అతను గొడుగు ఆమె వైపు కొంచెం వంచాడు. రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడ్డారు.